దిగే చోటు చూపించాకే గాల్లోకి: యాక్సిస్ అండ్ అలైస్ 1942 రెండో ఎడిషన్‌లో విమానాల నియమాలు

రెండో ప్రపంచ యుద్ధాన్ని బల్ల మీద ఆడించే బోర్డ్ గేమ్ యాక్సిస్ అండ్ అలైస్ 1942 రెండో ఎడిషన్ పెట్టెలో విమానాలు రెండే రకాలు. ఫైటర్ ఖరీదు 10 ఐపీసీలు, దాడి 3, రక్షణ 4, ప్రయాణం 4 గడులు. బాంబర్ ఖరీదు 12 ఐపీసీలు, దాడి 4, రక్షణ 1, ప్రయాణం 6 గడులు. ఐపీసీ అంటే ఆటలో డబ్బు. పాచిక మీద దాడి లేదా రక్షణ అంకె గానీ అంతకు తక్కువ గానీ పడితే దెబ్బ తగిలినట్టు. ఈ ఎనిమిది అంకెలూ చిన్న చీటీలో పట్టేస్తాయి. అయినా ఈ ఆటలో బల్ల దగ్గర వాదనలు ఎక్కువగా లేచేది విమానాల దగ్గరే. సైన్యమూ ఓడలూ వెళ్లిన చోట ఉండిపోతాయి, విమానం మాత్రం వెళ్లి, కొట్టి, మళ్లీ ఎక్కడో దిగాలి. ఆ దిగడం చుట్టూ అల్లిన నియమాల కోసమే ఈ పెట్టె కొనవచ్చు. వాటిని విడమరిచి చెప్పడంలో మాత్రం రూల్‌బుక్ వెనకబడింది.

లారీ హారిస్ రూపొందించిన ఈ ఆటను మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1984లో విడుదల చేసినప్పుడు ఫైటర్ 12 ఐపీసీలు, బాంబర్ 15. 2012 నాటి ఈ రెండో ఎడిషన్‌లో ధరలు తగ్గాయి, యాంటీ ఎయిర్‌క్రాఫ్ట్ తుపాకీ తీరు మారింది, సైన్యాన్ని మోసే ట్రాన్స్‌పోర్ట్ ఓడ పూర్తిగా నిస్సహాయురాలైంది. ఈ మూడు మార్పులూ విమానాల వైపే మొగ్గు చూపాయి. పాత పెట్టెలో నేర్చుకున్న అలవాటుతో ఇది ఆడేవాళ్లు ముందుగా నష్టపోయేది కూడా ఇక్కడే.

ముందు కదలిక సంగతి. వంతులో ఆరు దశలున్నాయి: కొనుగోలు, కాంబాట్ మూవ్ (దాడికి కదలడం), యుద్ధం, నాన్-కాంబాట్ మూవ్ (యుద్ధం తర్వాతి కదలిక), కొత్త యూనిట్లు పెట్టడం, ఆదాయం తీసుకోవడం. సైనికుడైనా ట్యాంకైనా రెండు కదలిక దశల్లో ఒక్కదాంట్లోనే కదులుతుంది. విమానం రెండింటిలోనూ కదులుతుంది, కానీ ఉన్నవి ఒకే ఖాతాలోని గడులు. ఫైటర్ 3 గడులు వెళ్లి కొడితే తిరుగు ప్రయాణానికి మిగిలేది 1. బాంబర్ తన స్థావరానికే తిరిగి రావాలంటే లక్ష్యం 3 గడుల లోపే ఉండాలి.

ఉదాహరణకు బ్రిటన్ నుంచి జర్మనీ చూడండి. యునైటెడ్ కింగ్‌డమ్ నుంచి ఉత్తర సముద్రపు గడికి 1, అక్కడి నుంచి వాయవ్య ఐరోపాకు 2, జర్మనీకి 3. బాంబర్ వెళ్లి రావడానికి సరిగ్గా 6 సరిపోతాయి. దానికి తోడుగా ఫైటర్‌ని పంపాలంటే మాత్రం చిక్కే. జర్మనీ మీదికి చేరేసరికి దాని దగ్గర ఒక్క గడి మిగులుతుంది. జర్మనీకి ఆనుకున్న వాయవ్య ఐరోపా లాంటి ప్రాంతమేదైనా మన వంతు మొదలయ్యేటప్పటికే మన వైపు ఉండాలి, లేదా పక్కనున్న బాల్టిక్ సముద్రపు గడిలో కారియర్ (ఫైటర్లను మోసే ఓడ) వచ్చి నిలబడాలి. ఈ రెండూ లేకపోతే బ్రిటన్ ఫైటర్ జర్మనీ దాకా తోడు వెళ్లలేదు. చిన్న అంకెలతో ఇంత పెద్ద పరిమితిని తెచ్చి పెట్టడం ఈ రూపకల్పనలో మెచ్చుకోదగ్గ పని.

లెక్కలో తరచూ జారేది సముద్ర తీరం దగ్గర. తీర ప్రాంతం నుంచి పక్కనున్న సముద్ర గడిలోకి వెళ్లడమే ఒక గడి. ద్వీపం మీది విమానానికి చుట్టూ ఉన్న నీళ్లు ఒక గడి, ఆ నీళ్లలోంచి బయటికి మరో గడి. కారియర్ మీది ఫైటర్ అప్పటికే సముద్ర గడిలో ఉన్నట్టు లెక్క కాబట్టి దానికి ఆ మొదటి ఖర్చు లేదు. తటస్థ ప్రాంతాల మీదుగా ఏ విమానమూ ఎగరకూడదు. స్పెయిన్, టర్కీ, సహారా చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. మ్యాప్ మీద దగ్గరగా కనిపించే లక్ష్యం గడుల్లో లెక్కపెడితే దూరమైపోయేది ఈ కారణంగానే.

ప్లాస్టిక్ విమానం తాను ఎన్ని గడులు వాడిందో చెప్పదు. ఐదారు యుద్ధాలు తేలేసరికి ఏ ఫైటర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. పెట్టెలో దీనికి ఏర్పాటేమీ లేదు, అదొక లోటే. వేరే రంగు చిన్న పాచికలు ఓ పది తెచ్చుకుని, కాంబాట్ మూవ్‌లోనే ప్రతి విమానం పక్కన మిగిలిన గడుల అంకె పైకి ఉండేలా పెట్టాలి. విమానాల కింద చిప్స్ పెట్టి గుర్తుపెట్టుకోవడం పనికిరాదు. చిప్స్ యూనిట్ల సంఖ్యను చూపించడానికి ఉన్నవి, బూడిద రంగుది ఒకటి, ఎర్రది ఐదు. ఒక ఫైటర్ కింద రెండు చిప్స్ ఉంటే అవతలివాళ్లు మూడు ఫైటర్లు ఉన్నాయని లెక్కవేస్తారు.

ఇక దిగడం. మన వంతు మొదలయ్యేటప్పటికి మన చేతిలో గానీ మిత్రదేశం చేతిలో గానీ ఉన్న ప్రాంతంలోనే దిగాలి. ఈ వంతులో గెలిచిన నేల మీద దిగకూడదు. కొత్తవాళ్లకు ఇది మొదట అన్యాయంగా తోస్తుంది, మన జెండా పెట్టాం కదా అంటారు. ఆట నిలబడింది ఈ నియమం మీదే. రక్షణలో ఫైటర్ విలువ 4. గెలిచిన చోటే దిగనిస్తే దాడికి వెళ్లిన ఫైటర్లే అక్కడ గోడ కట్టేస్తాయి, ఎదురుదాడికి దారే ఉండదు. ఈ నియమం వల్ల గెలిచిన ప్రాంతంలో మిగిలేది నేల మీది బలగాలే. ఫైటర్లు వెనక్కి పోతాయి, శత్రువు తన వంతులో ఆ ప్రాంతాన్ని మళ్లీ లాక్కుంటాడు.

ఒక్కొక్క సైనికుడు కాపలా ఉన్న సరిహద్దు ప్రాంతాలు ప్రతి వంతూ చేతులు మారుతుంటాయి. ఫైటర్ ఖరీదుకు న్యాయం జరిగేది అక్కడే. ఇద్దరు సైనికులే వెళితే మొదటి రౌండ్‌లో కనీసం ఒక దెబ్బ తగిలే అవకాశం 31 శాతం. వాళ్లకు ఒక ఫైటర్ తోడైతే 65 శాతం, రెండు ఫైటర్లైతే 83. ఎదురు కాల్పుల్లో దెబ్బ తగిలితే 3 ఐపీసీల సైనికుణ్ణి తీసేస్తాం, ఫైటర్ ఇంటికి వెళ్తుంది, వచ్చే వంతులో మళ్లీ వస్తుంది. అదే, మూడు ఫైటర్ల ఖరీదైన 30 ఐపీసీలను ఒక్క యుద్ధానికే లెక్కగడితే ఫైటర్ దండగ. మూడు ఫైటర్లు దాడిలో సగటున 1.5 దెబ్బలు తీస్తే, ఐదు ట్యాంకులు 2.5 తీస్తాయి. రక్షణలో మూడు ఫైటర్లకు 2 దెబ్బలు, పదిమంది సైనికులకు 3.3. కాబట్టి ప్రతి వంతూ కాల్చగలిగే చోట లేని ఫైటర్ మీద పెట్టిన డబ్బు పనిచేయడం లేదన్నట్టే.

విమానాలు ప్రాంతాన్ని ఆక్రమించలేవు. శత్రువునంతా తుడిచేసినా, నేల మీద పోరాడి బతికిన యూనిట్ ఒక్కటైనా లేకపోతే ఆ ప్రాంతం శత్రువుదే. చివరి దెబ్బకు సైనికుణ్ణి తీయాలా ఫైటర్‌ని తీయాలా అన్న ప్రశ్న అందుకే వస్తుంది. ఆ ప్రాంతం ఆదాయం 1 గానీ 2 గానీ అయితే 10 ఐపీసీల ఫైటర్‌ని వదులుకోవడం తప్పు లెక్క. రాజధాని అయితే వెనుకాడకూడదు.

దిగే చోటు విషయంలో రూల్‌బుక్ ఒక మెలిక పెట్టింది. తిరిగి రాని దాడికి విమానాన్ని పంపకూడదు, దిగే దారి ఒకటి ముందే చూపించాలి. కానీ ఆ దారి చూపేటప్పుడు మన పాచికలన్నీ తగులుతాయనీ శత్రువువన్నీ తప్పుతాయనీ అనుకోవచ్చు. అంటే శత్రు ఓడ ఉన్న గడి మరో యుద్ధంలో ఖాళీ అవుతుందనీ, అందులోకి మన కారియర్ వస్తుందనీ చెప్పి ఫైటర్‌ని నాలుగో గడి దాకా పంపించవచ్చు. ఆ మరో యుద్ధంలో గెలుపు ఆశ దాదాపు లేకున్నా నియమం ఒప్పుకుంటుంది. అది ఓడిపోతే ఫైటర్ పోతుంది, అంతే. గెలిస్తే, ఆ ఫైటర్ బతికి వేరే చోట దిగకపోతే, చెప్పిన కారియర్‌ని చెప్పిన గడికి తీసుకెళ్లి తీరాలి, మనసు మార్చుకోకూడదు. ఉద్దేశపూర్వకంగా విమానాల్ని బలిచ్చే ఎత్తుగడకు ఇది సన్నని సందు వదిలింది. రూపకర్త ఇంత ఉదారంగా ఉండాల్సిన అవసరం లేదనే మా అభిప్రాయం. అయితే గెలుపు శాతాలు లెక్కగట్టి అనుమతించే నియమం బల్ల మీద ఆడలేం కాబట్టి, ఇంతకంటే శుభ్రమైన ప్రత్యామ్నాయమూ కనిపించదు.

ఇదే వంతులో కొన్న కారియర్‌ని కూడా దిగే చోటుగా చూపించవచ్చు. కొత్త కారియర్ ఏ సముద్ర గడిలో వస్తుందో అక్కడికి ఫైటర్ నాన్-కాంబాట్‌లో చేరుకుని ఆగుతుంది, యూనిట్లు పెట్టే దశలో కారియర్ దాని కింద చేరుతుంది. పక్క ప్రాంతంలో మన ఫ్యాక్టరీ ఉండాలి. 14 ఐపీసీలు కొనుగోలు దశలోనే కట్టేసి ఉండాలి.

కారియర్ నియమాలు ఈ ఎడిషన్‌లో అత్యంత రుచికరమైన భాగం. దాడి 1, రక్షణ 2, రెండు ఫైటర్లకు చోటు, బాంబర్ దిగడానికి లేదు. రెండు ఫైటర్లతో నిండిన కారియర్ మొత్తం 34 ఐపీసీలు, రక్షణలో కలిపి 10 పాయింట్లు, మూడు దెబ్బలకు ఓర్చుకుంటుంది. అదే డబ్బుతో నాలుగు డిస్ట్రాయర్లు (చిన్న యుద్ధనౌకలు) కొని ఇంకా 2 మిగుల్చుకోవచ్చు. వాటికి రక్షణ 8, దెబ్బలు నాలుగు. కాగితం మీద ఇవి సమీపంలోనే ఉన్నా, దాడిలో తేడా తెలుస్తుంది. ఫైటర్లు కారియర్ కదలకముందే లేస్తాయి, కారియర్ తర్వాత రెండు గడులు కదిలి వాటిని అందుకుంటుంది. అలా బయల్దేరిన గడి నుంచి 3 గడుల దూరంలోని లక్ష్యాన్ని కొట్టి, ఒక గడి వెనక్కి వచ్చి, రెండు గడులు ముందుకొచ్చిన కారియర్ మీద దిగొచ్చు. డిస్ట్రాయర్ల చేయి రెండు గడులకు మించి అందదు.

మిత్రదేశపు కారియర్ మీద దిగడం ఇంకా లోతైనది. వంతుల వరుస సోవియట్ యూనియన్, జర్మనీ, బ్రిటన్, జపాన్, అమెరికా. బ్రిటన్ ఫైటర్ తన వంతులో అమెరికా కారియర్ మీద దిగితే, జపాన్ వంతులో 4తో రక్షణకు నిలుస్తుంది. తర్వాత అమెరికా కారియర్ కదిలితే బ్రిటన్ ఫైటర్ సరుకులా దానితో పాటు వెళ్తుంది, అమెరికా దాడిలో పాచిక వేయదు, కారియర్ మునిగితే దానితో పాటే మునుగుతుంది. తన వంతు వచ్చాక రెండు గడుల ముందు నుంచి పూర్తి నాలుగు గడులతో లేస్తుంది. ఇది తెలిసిన అమెరికా ఆటగాడు కారియర్‌ని ఒక్క దేశపు ఆస్తిలా చూడడు. ఇలాంటి పొత్తు సంగతులు రూల్‌బుక్‌లో యూనిట్ల వివరాల కింద చిన్న పేరాల్లో దాగి ఉన్నాయి. కదలిక నియమం కాంబాట్ మూవ్ దగ్గర, దిగే నియమం నాన్-కాంబాట్ దగ్గర, కారియర్ సంగతి వెనక పేజీల్లో. ఒక్క ఫైటర్ ఎత్తు సరైనదో కాదో తేల్చడానికి మూడు చోట్ల పేజీలు తిప్పాలి. విమానాలకంటూ ఒకే పేజీ కేటాయించి ఉంటే సగం వాదనలు తగ్గేవి.

సబ్‌మెరైన్ల దగ్గర అనుభవజ్ఞులు కూడా పొరపడతారు. విమానం వేసిన దెబ్బను సబ్‌మెరైన్‌కి ఇవ్వాలంటే ఆ యుద్ధంలో విమానం వైపున ఒక డిస్ట్రాయర్ ఉండాలి. సబ్‌మెరైన్ వేసిన దెబ్బ విమానానికి ఎప్పుడూ తగలదు. ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. ఇదే నియమం రక్షణలోనూ వర్తిస్తుందని మర్చిపోతారు. శత్రువు కారియర్ మీద రెండు ఫైటర్లున్నాయి, డిస్ట్రాయర్ లేదు. మనం రెండు సబ్‌మెరైన్లు, రెండు ఫైటర్లతో దాడి చేశాం. శత్రు ఫైటర్ల దెబ్బలు మన సబ్‌మెరైన్లకు ఇవ్వడానికి లేదు, నేరుగా మన ఫైటర్లకే తగులుతాయి. 6 ఐపీసీల సబ్‌మెరైన్లని అడ్డుపెట్టి 10 ఐపీసీల ఫైటర్లని కాపాడుకుందామన్న లెక్క అక్కడ చెడుతుంది. శత్రువు పక్కన డిస్ట్రాయర్ ఉంటే మాత్రం ఆ లెక్క బాగా పనిచేస్తుంది. శత్రువుకు డిస్ట్రాయర్ లేకపోవడం దాడి చేసేవాడికి నష్టం కావడం వింతే, కానీ నియమం రాసిన తీరు అంతే.

యాంటీ ఎయిర్‌క్రాఫ్ట్ ఆర్టిలరీ 5 ఐపీసీలు. మొదటి రౌండ్‌కి ముందు ఒక్కసారే కాలుస్తుంది, 1 పడితే విమానం కూలుతుంది. ఒక్కో తుపాకీకి గరిష్ఠంగా మూడు పాచికలు, కానీ ఒక్కో విమానం మీద ఒక్క పాచికే. ఒంటరి విమానం మీదికి రెండు తుపాకులున్నా పడేది ఒకే పాచిక. మూడు విమానాలు ఒక తుపాకీ మీదికి వెళ్తే కనీసం ఒకటి కూలే అవకాశం 42 శాతం. ఆరు విమానాలు రెండు తుపాకుల మీదికి వెళ్తే 67. ఆరు విమానాలు ఒకే తుపాకీ మీదికి వెళ్తే మళ్లీ 42కే దిగుతుంది, అందుకే విమానాలను గుంపుగా పంపడం లాభం. పాత ఎడిషన్లలో ఒకే తుపాకీ వచ్చిన ప్రతి విమానం మీదా కాల్చేది, దాన్ని కూల్చడానికి వీలుండేది కాదు, పట్టుకోవడమే. ఇప్పుడు దాన్ని నష్టంగా కూడా తీసేయొచ్చు. ఈ మార్పు నూటికి నూరుపాళ్లు మంచిది.

ఫ్యాక్టరీ మీద బాంబు దాడికి వస్తే, అది వేరే యుద్ధం. వెళ్లిన బాంబర్లు ఆ ప్రాంతంలో జరిగే నేల యుద్ధంలో పాల్గొనవు, తోడు వెళ్లిన ఫైటర్లు కూడా అంతే. శత్రువు అక్కడి ఫైటర్లని ఎదురు పంపితే ముందుగా ఒక్క రౌండ్ గగన యుద్ధం, అందులో మామూలు 3, 4 విలువలు వర్తించవు, తక్కువ విలువలతో ఆడాలి. ఆ తర్వాత ఫ్యాక్టరీ సొంత తుపాకులు ఒక్కో బాంబర్ మీద ఒక్కో పాచిక వేస్తాయి, ప్రాంతంలో ఉన్న 5 ఐపీసీల తుపాకులకు ఇక్కడ పని లేదు. మిగిలిన ఒక్కో బాంబరు ఒక పాచిక వేస్తే ఎంత పడితే అంత నష్టం. ప్రాంతం విలువకు, అంటే అది ఇచ్చే ఆదాయానికి, రెట్టింపు మించి నష్టం చేరదు. ఒక్కో నష్టానికి ఒక యూనిట్ ఉత్పత్తి తగ్గుతుంది, బాగుచేయడానికి 1 ఐపీసీ.

ఎదురు ఫైటర్లు లేనప్పుడు ఒక్క బాంబర్ లెక్క ఇది: ఆరింట ఒకసారి 12 ఐపీసీలు పోతాయి, అంటే సగటున 2. తెచ్చేది సగటున 2.9. లాభం ఒక ఐపీసీకి కాస్త తక్కువే. పైగా శత్రువు అవసరమైనంతే బాగుచేసుకుంటాడు. ఒక వంతులో పది యూనిట్లు పెట్టాలనుకునే జర్మనీకి, విలువ 10 ఉన్న ఫ్యాక్టరీ మీద ప్రతి నష్టమూ గుచ్చుకుంటుంది. విలువ 12 ఉన్న తూర్పు అమెరికా ఫ్యాక్టరీలో కారియర్లు, బాంబర్లు నాలుగైదు పెట్టుకునే అమెరికాకు ఏడు నష్టాలు పడినా చలనం ఉండదు. విలువ 2 ఉన్న కరేలియా మీద నష్టం 4 దగ్గర ఆగిపోతుంది. అక్కడికి రెండో బాంబర్‌ని పంపడం చాలాసార్లు వృథా. కాబట్టి బాంబు దాడులు జర్మనీ, జపాన్ లాంటి, ఎక్కువ సంఖ్యలో చవక యూనిట్లు కొనే ఫ్యాక్టరీల మీదే పెట్టుకోవాలి.

బాంబర్ అసలు సత్తా సముద్రం మీద. ఈ ఎడిషన్‌లో ట్రాన్స్‌పోర్ట్‌కి రక్షణ లేదు, వేరే ఓడలు మిగిలి ఉండగా దాన్ని నష్టంగా ఇవ్వడానికీ లేదు. గడిలో ట్రాన్స్‌పోర్టులే మిగిలితే, దాడి చేసేవాడికి కొట్టగలిగే యూనిట్ ఒక్కటున్నా, పాచిక వేయకుండా అన్నీ సరుకుతో సహా మునుగుతాయి. కాపలా లేని మూడు ట్రాన్స్‌పోర్టులను ఒక్క బాంబర్ ముంచేస్తుంది, 21 ఐపీసీలు మట్టిపాలు. 1984 ఆటలో ట్రాన్స్‌పోర్ట్ రక్షణ 1, ఒక్కోసారి విమానాన్ని కూల్చేది కూడా. ఇప్పుడు బాంబర్ అందే ప్రతి సముద్ర గడిలోనూ కాపలా ఓడ పెట్టి తీరాలి. ఆరు గడుల బాంబర్‌కి ఎదురుగా ఇది బరువైన పన్ను. అమెరికా, బ్రిటన్ తొలి వంతుల్లో ట్రాన్స్‌పోర్టుల కంటే ముందు డిస్ట్రాయర్లూ కారియరూ కొనాల్సి రావడం వల్ల ఆట మొదట్లో కొంత మందగిస్తుంది. ఈ ఒక్క నియమం విషయంలో తూకం కాస్త తప్పిందనే మా తీర్పు. బాంబర్ 12 కాకుండా పాత 15 దగ్గరే ఉండి ఉంటే సరిపోయేది.

ఇదే వరుసలోని మరో ఆట 1940 రెండో ఎడిషన్‌తో పోల్చి అడిగేవాళ్ల కోసం: అందులో టాక్టికల్ బాంబర్ అని మూడో విమానం ఉంది. 11 ఐపీసీలు, దాడి 3, ఫైటర్‌తో గానీ ట్యాంకుతో గానీ జతైతే 4, రక్షణ 3, ప్రయాణం 4. ఎయిర్ బేస్ 15 ఐపీసీలు, అక్కణ్ణుంచి లేచిన విమానానికి ఒక గడి అదనం. పక్క సముద్ర గడిలో యుద్ధం వస్తే అక్కణ్ణుంచి మూడు విమానాల దాకా రక్షణకు లేవచ్చు. కారియర్ 16 ఐపీసీలు, రెండు దెబ్బలకు గానీ మునగదు, కానీ ఒక దెబ్బ తిన్నాక దాని మీద విమానం దిగలేదు. ఫ్యాక్టరీ మీద స్ట్రాటజిక్ బాంబర్ (ఇక్కడి బాంబర్‌కి అక్కడి పేరు) వేసిన పాచికకు 2 కలుస్తుంది. ఇవన్నీ కావాలనుకుంటే నేరుగా 1940 పెట్టెలే కొనాలి. ఎయిర్ బేస్‌ని మాత్రం తెచ్చి 1942 మ్యాప్ మీద అతికించకూడదు. ఈ మ్యాప్‌లో గడులు తక్కువ, ఒక్క గడి అదనం వచ్చినా బ్రిటన్ ఫైటర్లు జర్మనీ దాకా తోడు వెళ్లి పక్క సముద్ర గడులకు ఇంకో అడుగు దగ్గరవుతాయి, పైన చెప్పిన దూరాల లెక్కలన్నీ తారుమారవుతాయి.